గోధుమ కలపకపోతే సరిపోతుందా? సీలియాక్ ఉన్న ఇంటికి మన జొన్నపిండి పంపే ముందు

పైన వీడియో మొదట్లో చాటలో కిలో జొన్నలు పోసి, అందులో ఆరు గోధుమ గింజలు వేసి కలిపాను, చూశారు కదా. మా కూలీకి వచ్చిన అక్క వాటిని ఏరడానికి కూర్చుంటే నాలుగే దొరికాయి. మిగిలిన రెండూ జొన్నల్లోనే ఉండిపోయాయి. ఈ పాఠం అంతా ఆ ఆరు గింజల గురించే. ఎందుకు ఆరు అనేది లెక్క కట్టి చెప్తాను, ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

నేను ఆదివారాలు సికింద్రాబాద్‌లో స్టాల్ పెడతాను. జొన్నపిండి, సజ్జపిండి, రాగిపిండి, కొర్రలు, సామలు. అందరి ప్యాకెట్ల మీద ఉందని నేను కూడా "గ్లూటెన్ ఫ్రీ" అని స్టిక్కర్ కొట్టించాను. జొన్నలో గ్లూటెన్ ఉండదు, ఇది నిజమే కదా, ఇందులో అబద్ధం ఏముంది అనుకున్నా. తిరుమలగిరి నుంచి ఒక ఆర్మీ కుటుంబం ఆవిడ వచ్చేది, పంజాబ్ వాళ్లు. వాళ్ల పాపకి తొమ్మిదేళ్లు, సీలియాక్ జబ్బు ఉంది. ఏడాదిగా గోధుమ మానేసి, బరువు పెరిగి, రక్తం పట్టి బాగానే ఉండేది. ఆవిడ నా దగ్గర జొన్నపిండి మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు పాపకి మళ్లీ విరేచనాలు, కడుపు ఉబ్బరం. రక్తపరీక్షలో తగ్గిన అంకె మళ్లీ పెరిగింది. డాక్టర్ గారు "ఇంట్లోకి కొత్తగా ఏం వచ్చింది?" అని అడిగారట. కొత్తగా వచ్చింది నా జొన్నపిండి ఒక్కటే.

ఆవిడ పోట్లాడలేదు. ప్యాకెట్ చేతిలో పెట్టి, "భయ్యా, ఇది ఎక్కడ పట్టిస్తారు?" అని హిందీలో అడిగింది. అంతే. నాకు అప్పుడు తట్టింది. మా ఊరి గిర్నిలో పట్టిస్తాను. అదే గిర్నిలో ఊరందరి గోధుమలూ పడతాయి. షుగర్ వచ్చిందని ఇప్పుడు ఊళ్లలో కూడా రాత్రిపూట చపాతీలే కదా.

అసలు ఈ జబ్బు ఏమిటి

సీలియాక్ అంటే గోధుమ పడకపోవడం అని తేలిగ్గా చెప్తారు. అది సరిపోదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. పిండి కలిపితే సాగేది, రొట్టె పొంగేది దానివల్లే. సీలియాక్ ఉన్నవాళ్లు అది తింటే, ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన వ్యవస్థ తిరగబడి సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపల మఖ్మల్ గుడ్డ మీద నూగులా సన్నని చూషకాలు ఉంటాయి, తిన్నదంతా ఒంటికి పట్టేది వాటి ద్వారానే. అవి అరిగి చదునైపోతాయి. భూమిలో తెల్లవేర్లు చచ్చిపోతే ఎంత ఎరువు వేసినా మొక్క పచ్చబడదు చూడండి, అలా అన్నమాట. ఎంత తిన్నా ఇనుము పట్టదు, కాల్షియం పట్టదు.

కాబట్టి జబ్బు కడుపులో ఉన్నా కనపడేది ఇంకోచోట. పిల్లలు ఎత్తు పెరగరు. పెద్దవాళ్లలో ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తహీనత తగ్గదు, ఎముకలు గుల్లబారతాయి. కొందరికి విరేచనాలే ఉండవు, అందుకే ఏళ్ల తరబడి బయటపడదు. మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానడం ఒక్కటే వైద్యం. మానితే పేగు మళ్లీ కోలుకుంటుంది, అది మంచి వార్త.

గోధుమే దోషి అని కనిపెట్టిన కథ చిన్నది, కానీ రైతుగా నాకు మనసుకు పట్టుకుంది. నెదర్లాండ్స్‌లో విల్లెమ్ కారెల్ డికె అనే పిల్లల డాక్టర్ ఉండేవాడు. గోధుమ మీద ఆయనకు ముందు నుంచే అనుమానం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944–45 చలికాలంలో అక్కడ ఘోరమైన కరువు. రొట్టె దొరకలేదు. అందరూ చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం మెరుగయ్యారు. మళ్లీ రొట్టె రాగానే మళ్లీ పడిపోయారు. 1950లో ఆయన దాన్ని సిద్ధాంత గ్రంథంగా రాశాడు.

మన దగ్గర ఎంతమందికి ఉంది అంటే, ఉత్తర భారతంలో దాదాపు నూటికి ఒకరికి, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి దాని గుర్తులు రక్తంలో కనిపించాయని దేశంలో మూడు ప్రాంతాల్లో చేసిన సర్వేలో తేలింది. మనం అన్నం తినేవాళ్లం, గోధుమ వాడకం తక్కువ, అది ఒక కారణం అంటారు. కానీ సికింద్రాబాద్ సంగతి వేరు. కంటోన్మెంట్ ఉంది, రైల్వే ఉంది. పంజాబ్, హర్యానా, రాజస్థాన్ కుటుంబాలు తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్ వైపు ఎప్పటి నుంచో ఉన్నాయి. మన తెలుగువాళ్ల ఇళ్లలో కూడా ఒకప్పుడు పండక్కి చేసుకునే పూరీలు, ఇప్పుడు రోజూ చపాతీ అయ్యాయి. అందుకని మన స్టాల్‌కి వచ్చేవాళ్లలో ఒకరిద్దరు ఇలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. అనుమానం ఉంటే ముందు పరీక్ష చేయించుకోండి, తర్వాతే గోధుమ మానండి. టీ.టీ.జీ. అనే రక్తపరీక్ష, ఆ తర్వాత అవసరమైతే ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూస్తారు. ముందే మానేస్తే పరీక్షలో ఏమీ కనిపించదు, జబ్బు ఉందో లేదో తేలకుండా పోతుంది. మన సిరిధాన్యాల వాళ్లం చాలామందిమి స్టాల్ దగ్గర "గోధుమ మానేయండి, అన్నీ తగ్గిపోతాయి" అని డాక్టర్లలా చెప్పేస్తుంటాం. నేనూ చెప్పాను. ఇప్పుడు ఆ మాట రానివ్వడం లేదు. ఇంట్లో ఒకరికి సీలియాక్ తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

ఆరు గింజల లెక్క

మన దేశంలో ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నియమం ప్రకారం ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. పీపీఎం అని చెప్పేది అదే. 20 మిల్లీగ్రాములు అంటే ఎంత? ఇప్పుడు లెక్క చూడండి.

వంద గ్రాముల గోధుమపిండిలో సుమారు 8 నుంచి 10 గ్రాములు గ్లూటెనే. అంటే ఒక్క గ్రాము పిండిలో 80 మిల్లీగ్రాముల పైనే. ఒక్క గ్రాము, అంటే వేళ్లతో పట్టిన చిటికెడు, కిలో జొన్నపిండిలో పడితే హద్దుకి నాలుగు రెట్లు దాటిపోయినట్టు. ఇక గింజ లెక్క: వెయ్యి గోధుమ గింజలు సుమారు 40 గ్రాములు తూగుతాయి, గింజ ఒక్కటి 40 మిల్లీగ్రాములు. అందులో గ్లూటెన్ మూడు, మూడున్నర మిల్లీగ్రాములు. ఆరు గింజలైతే 20. ఇదండీ ఆరు గింజల కథ.

ఇప్పుడు గిర్నికి రండి. ముందు ఎవరిదో గోధుమ పట్టారు. రాళ్ల మధ్య, గొట్టంలో, కింద కట్టిన గుడ్డ సంచి మడతల్లో ఎంత పిండి మిగులుతుంది? తక్కువలో తక్కువ 50 గ్రాములు అనుకుందాం. తర్వాత నా పది కిలోల జొన్నలు పడ్డాయి. కిలోకి 5 గ్రాముల గోధుమపిండి కలిసింది, గ్లూటెన్ 400 మిల్లీగ్రాములు. పాప రోజుకి వంద గ్రాముల పిండితో రొట్టె తింటే 40 మిల్లీగ్రాములు లోపలికి పోయింది. ఇటలీలో సీలియాక్ రోగుల మీద జరిగిన ఒక పరీక్షలో రోజుకు 50 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇస్తేనే పేగు దెబ్బతిన్నట్టు కనిపించింది. నా పిండి ఆ పాపకి చేసింది దాదాపు అదే పని. ఈ లెక్క రాత్రి కాగితం మీద వేసుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. అగ్రికల్చర్ డిప్లొమాలో ధాన్యం నిల్వ, తేమ శాతం, పురుగు అన్నీ చదివాను కానీ, ఈ కోణం ఎప్పుడూ తట్టలేదు.

ఇది నా ఒక్కడి తప్పే అనుకున్నాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు దక్షిణాదిలో అమ్మే గ్లూటెన్ ఫ్రీ లేబుల్ సరుకులు, సహజంగా గ్లూటెన్ లేని ధాన్యాల సరుకులు తెచ్చి పరీక్షిస్తే, కొన్నిటిలో హద్దు దాటి గ్లూటెన్ కనిపించింది. ఓట్స్‌లో మరీ ఎక్కువ. కాబట్టి చాలామందిమి ఉన్నాం.

మనవాళ్లు అడిగే ప్రశ్నలు

పోయిన నెల ఈ విషయం చెప్తే రైతుల నుంచి ప్రశ్నలు చాలా వచ్చాయి. ముఖ్యమైనవి చెప్తాను.

"సహజ పద్ధతిలో పండించిన గోధుమ అయితే ఏం కాదు కదా? ఇదంతా రసాయనాల వల్లే కదా?" కాదు. గ్లూటెన్ గోధుమ గింజలో పుట్టుకతో ఉండేది, మందు చల్లితే వచ్చింది కాదు. జీవామృతంతో పండించినా అదే గ్లూటెన్. ఖప్లీ గోధుమ అని దేశీ రకం బాగా అమ్ముతున్నారు, మధుమేహానికి మంచిదని పేరు. అది కూడా గోధుమే, గ్లూటెన్ ఉంది. సీలియాక్ ఉన్నవాళ్లకి ఖప్లీ ఇస్తే విషం ఇచ్చినట్టే. ఈ మాట అంటే మన వర్గంలో కొందరికి కోపం వస్తుంది, తెలుసు. నేను కూడా రసాయనాలకు వ్యతిరేకినే. కానీ ప్రతి జబ్బునీ దాని ఖాతాలో వేస్తే, రేపు నిజం చెప్పినప్పుడు కూడా మనల్ని ఎవరూ నమ్మరు.

"గోధుమ గడ్డి మల్చింగ్ వేస్తే, ఆ గ్లూటెన్ వేర్ల నుంచి జొన్నలోకి వెళ్తుందా?" వెళ్లదు. మాంసకృత్తు నేలలో కుళ్లిపోతుంది, మొక్క దాన్ని అలాగే పీల్చుకోదు. భయం గ్లూటెన్ గురించి కాదు, గడ్డిలో మిగిలిన గింజల గురించి. అవి మొలిచి కంకి వేస్తే కోతలో కలుస్తాయి. మొలిచినవి కనపడితే పీకేయండి.

"మేం వానకు ముందు నవధాన్యాలు చల్లుతాం, మరి?" ఇది మంచి ప్రశ్న, నేను ఆలోచించనిది. మన సంప్రదాయ నవధాన్యాల్లో గోధుమ ఒకటి. ఎండాకాలం వేడికి అది కంకి దాకా రావడం కష్టమే, పైగా పూత దశలోనే కలియదున్నుతాం. అయినా సీలియాక్ ఇళ్ల కోసం ధాన్యం పండించే మడిలో విత్తనాల మిశ్రమం నుంచి గోధుమ, బార్లీ తీసేసి, బదులు సజ్జ, జొన్న చల్లుకోండి. నేలకు నష్టమేమీ లేదు.

మన తెలంగాణలో గోధుమ సాగు తక్కువ. ఆదిలాబాద్ వైపు, జహీరాబాద్ వైపు కొంత కనిపిస్తుంది. అందుకని పొలంలో కలిసే ప్రమాదం పంజాబ్ రైతుకి ఉన్నంత మనకి లేదు. కానీ హార్వెస్టర్ అద్దెకి తెస్తే అడగండి. వాటిలో చాలావరకు ఉత్తరాది నుంచి గోధుమ కోతలు చూసుకుని వచ్చేవే. నేను జొన్న, కొర్ర చేత్తో కోయించి, సొంత కళ్లంలో టార్పాలిన్ మీద కొట్టిస్తున్నాను. ఇక సంచులు. పాత గోనె సంచులు చవగ్గా దొరుకుతాయి, అందులో ముందు ఏమున్నాయో ఎవరికీ తెలియదు. విదిలిస్తే గోధుమ గింజలు రాలిన సంచి నా దగ్గరే ఒకటి దొరికింది. ఈ ఒక్క సరుకుకి మాత్రం కొత్త సంచులే.

గిర్ని దగ్గర ఏం చేయాలి అన్నదే అసలు సమస్య. చాలామంది "ముందు రెండు కిలోల బియ్యం పట్టించి, ఆ పిండి పారేసి, తర్వాత మనది పట్టిస్తే చాలు" అంటారు. తగ్గుతుంది, నిజమే. కానీ కిలోలో చిటికెడు కూడా లేదు అని ఎవరు హామీ ఇస్తారు? రాతి గిర్నికి గాట్లుంటాయి, అందులో పిండి గట్టిపడి ఉంటుంది. ఇంట్లో తిరగలి కూడా అంతే, ఒకప్పుడు గోధుమ విసిరిన తిరగలి అయితే వద్దు. గిర్ని గదిలో గాల్లో ఎగిరే పిండి సంగతి చెప్పనే అక్కర్లేదు, గిర్నాయన మీసాలు చూస్తే తెలుస్తుంది.

నేను పాతిక వేల పైచిలుకు పెట్టి చిన్న పుల్వరైజర్ కొన్నాను. వేరే గది. ఆ గదిలోకి గోధుమ రాదు, గోధుమపిండి పని చేసిన బట్టలతో మనిషి కూడా రాకూడదు. జల్లెడలు, చాటలు, తూకం గిన్నె అన్నీ దానికి వేరే, పచ్చ రంగు పూసి పెట్టాం. మొదట్లో మా అమ్మ నవ్వింది, "మడి కట్టుకున్నట్టుంది రా" అని. ఆ మాటే పని మనుషులకి బాగా అర్థమైంది. ఇప్పుడు ఆ గదిని అందరూ మడి గది అంటున్నారు.

ఒక్కరివల్ల కాకపోతే నలుగురు రైతులు కలిసి ఒక మెషిన్ పెట్టుకోవచ్చు, మహిళా సంఘం అయితే ఇంకా తేలిక. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, దాని న్యూట్రిహబ్‌లో ప్రాసెసింగ్ గురించి మార్గదర్శనం దొరుకుతుంది. అయితే మెషిన్ కొన్నంత మాత్రాన లేబుల్ వేసేయకూడదు. పిండిని ఎన్.ఏ.బీ.ఎల్. గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఎలైసా పద్ధతిలో గ్లూటెన్ పరీక్ష చేయించాలి. శాంపిల్‌కి వేలల్లో అవుతుంది, ప్రతి బ్యాచ్‌కీ చిన్న రైతు భరించలేడు. నేను ధాన్యం పెద్ద లాట్‌గా శుభ్రం చేసి, ఏరించి, ఒకేసారి పట్టించి, ఆ లాట్‌కి ఒక పరీక్ష చేయిస్తున్నాను.

పరీక్ష లేని ప్యాకెట్ల మీద ఇప్పుడు గ్లూటెన్ ఫ్రీ అని లేదు. "గోధుమ పట్టే గిర్నిలో పట్టించినది, సీలియాక్ ఉన్నవారికి తగదు" అని రాయించాను. అమ్మకం తగ్గుతుందేమో అని భయపడ్డాను. కొంచెం తగ్గింది కూడా.

ఆ ఇంట్లో ఏం వండుకుంటారు

కొనేవాళ్లతో మాట్లాడాలంటే ఇది కూడా మనకి తెలియాలి. తెలుగు వంటిల్లు ఈ జబ్బుకి చాలా అనుకూలం. అన్నం, పప్పు, ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్న రొట్టె, రాగి సంకటి, అంబలి, మినప సున్ని. పంజాబ్ ఇంట్లో రొట్టె పోతే కంచమే ఖాళీ అవుతుంది, మనకి అలా కాదు. చిక్కులన్నీ కనపడని చోట్ల ఉంటాయి. ఇంగువ తీసుకోండి. మార్కెట్లో దొరికే కలిపిన ఇంగువలో చాలావాటికి మైదానో గోధుమపిండో కలుపుతారు, సాంబార్ అంతా పాడవుతుంది. బియ్యప్పిండి, జిగురు కలిపినవి కూడా ఉన్నాయి, లేబుల్ చదవాలి. పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. మన రాగి మాల్ట్ మొలకెత్తించిన రాగులదే అయితే ఫరవాలేదు. రాగి బిస్కెట్ అని బేకరీలో ఇచ్చేదాంట్లో రాగి కంటే మైదా ఎక్కువ. కర్రీ పాయింట్ జొన్న రొట్టె విరక్కుండా ఉండాలని కొందరు గోధుమపిండి కలుపుతారు. మిర్చి బజ్జీ శనగపిండే, కానీ అదే నూనెలో సమోసా వేగి ఉంటుంది. మన హైదరాబాద్ హలీంలో మాంసంతో పాటు పడేది గోధుమే, ఈ సంగతి చాలామందికి తెలియదు.

ప్రసాదం దగ్గర అందరూ ఇబ్బంది పడతారు. అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వది. సత్యనారాయణ వ్రతం ప్రసాదం రవ్వది. చర్చిలో ఇచ్చే అప్పం కూడా గోధుమదే. కళ్లకద్దుకుని ఇంకొకరికి ఇచ్చేయడమే, కొంచెమే కదా అని నోట్లో వేసుకుంటే కుదరదు. లష్కర్ బోనాలప్పుడు మాత్రం ఆ దిగులు లేదు, బోనం అంటే అన్నమే కదా.

ఇంకో సంగతి. పేగు పుండుగా ఉన్న కొత్తలో ఒక్కసారిగా కొర్రలు, సామలు, జొన్న రొట్టె అన్నీ పెట్టేస్తే అరగవు, ఉబ్బరం వస్తుంది. మెత్తటి అన్నం, పలచటి రాగి జావతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి, డైటీషియన్ని అడిగి. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల వరకు కాల్షియం ఉంది, ఎముకలు బలహీనపడ్డ వీళ్లకి అది బాగా పనికొస్తుంది. కానీ చిరుధాన్యాలతో సీలియాక్ నయమవుతుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. గోధుమ లేకుండా కడుపు నిండేలా చేస్తాయి, అంతే.

తిరుమలగిరి ఆవిడ ఆరు నెలల దాకా నా దగ్గర ఏమీ కొనలేదు. మడి గది పిండి మొదటి లాట్ పరీక్ష రిపోర్ట్ వచ్చాక ఫోన్‌లో పంపాను, క్షమించమని రాశాను. రెండు వారాల తర్వాత ఆదివారం స్టాల్‌కి వచ్చి, రిపోర్ట్ మీద లాట్ నంబర్, ప్యాకెట్ మీద లాట్ నంబర్ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఒక్క కిలో తీసుకుంది. ఇప్పటికీ ప్రతిసారీ అలాగే చూసుకునే తీసుకుంటుంది.

లాట్ నంబర్ ఎలా వేయాలి, ల్యాబ్‌కి పంపే శాంపిల్ సంచి పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి ఎలా తీయాలి అనేది వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను. మీ గిర్ని దగ్గర పరిస్థితి ఎలా ఉందో కింద రాయండి.